దిగువ సంతకం చేసిన మధ్యవర్తులం

సాక్ష్యం క్లాసు మధ్యాహ్నం రెండింటికి.
కిటికీలోంచి సముద్రం కనపడదు గానీ
దాని ఉప్పు మా బెంచీల మేకుల్లో
తుప్పై కూర్చుని పాఠం వింటుంది.
జెస్సీ మేడం పాత ఫైళ్ల జిరాక్సులు పంచారు.
"ఎప్పుడో ముగిసిపోయిన కేసులు, తప్పులు పట్టండి" అన్నారు.
నా వంతుకొచ్చింది కంచరపాలెం,
రెండువేల తొమ్మిది,
ఒక సైకిలు, ఒక కత్తి,
మైలపిల్లి దానయ్య, వయసు పంతొమ్మిది.

నేను చదవకముందే
అక్షరాలు నన్ను గుర్తుపట్టాయి.
'ళ'కి ఆ పొడుగు తోక,
'క్ష' దగ్గర పెన్ను ఎత్తి మళ్లీ దించినప్పుడు పడే చుక్క.
మూడో తరగతిలో నా కాపీ పుస్తకానికి
పై వరస రాసిచ్చిన చెయ్యి అది.
మా నాన్న స్టేషన్ రైటరు.

"మేము దిగువ సంతకం చేసిన మధ్యవర్తులం,
పోలీసు వారు పిలవగా వచ్చి,
ముద్దాయి ముందు నడిచి చూపించగా,
రైలు గేటు వెనక తుమ్మ పొదలో..."
ఎంత బాగుంటుందో ఆ వాక్యం!
ఎక్కడా ఆగదు, ఊపిరి తీసుకోదు,
ఒకటిన్నర పేజీ నడిచి
సరిగ్గా కత్తి దగ్గరే చుక్క పెడుతుంది.

దిగువ సంతకం: బొట్ట సన్యాసప్పడు, టీ కొట్టు.

సన్యాసప్పడు నాకు తెలుసు.
బడి వదిలాక స్టేషన్ అరుగు మీద నేను లెక్కలు చేసుకుంటుంటే
పాలెక్కువ టీ, మీద ఒక బన్ను.
"తాగీమ్మా, సల్లారిపోతాది" అనేవాడు.
పొయ్యి వదిలి పదడుగులు వేయడం
నేనెన్నడూ చూడలేదు.
అయినా మెహరున్నీసా ఫైల్లో
గొలుసు దొరికిన చోట ఆయనే,
వెనక బెంచీ వాళ్ల ఫైల్లో
గంజాయి సంచి తూచిన చోట ఆయనే.
"ఈయనకెన్ని కళ్లు మేడం?" ఎవరో అన్నారు.
క్లాసంతా నవ్వింది.
ముందు నవ్వింది నేనే కాబోలు.

"ఇలాంటి సాక్షిని ఏమంటారు?"
జవాబు తెలుసు. చెయ్యెత్తలేదు.

కాంప్లెక్స్‌లో బస్సు మారాను.
జ్ఞానాపురం దాటేసరికి పళ్లకింద బొగ్గు పొడి.
ఇంట్లో నాన్న
బాల్కనీ గోడ మీద పోర్టు దుమ్ము తుడుస్తున్నాడు.
రిటైరయ్యాక రోజుకి రెండుసార్లు అదే డ్యూటీ.
"ఏం చెప్పారీవాళ?"
"హత్య ఇప్పుడు నూట మూడు నాన్నా, మూడొందల రెండు కాదు."
"నంబరు మారితే హంతకుడు మారతాడేటి" అని నవ్వాడు.
ఆయన నవ్వుతుంటే అడగడం తేలిక అనుకున్నాను.

"దానయ్య కత్తి ఎక్కడ దొరికింది?"

గుడ్డ ఆగింది.
ఏ దానయ్య అని అడగలేదు.
కింద ఎవరో బిందె పెట్టి కుళాయి తిప్పారు,
నీళ్లు రాలేదు, గాలి వచ్చింది.
"ఆ కుర్రాడే చేశాడు," అన్నాడు,
"అది మాత్రం నిజం."
కాసేపటికి మళ్లీ,
"రాత్రి పదకొండింటికి సాక్షికి రమ్మంటే
ఎవడొస్తాడమ్మా? తలుపులేసుకుంటారు."
"సన్యాసప్పడికి టీ డబ్బులిచ్చేవారా?"

దానికి జవాబు రాలేదు.
గోడ మీద వేలు పెట్టి చూసుకున్నాడు.
నల్లగానే ఉంది.

ఫైల్లో తీర్పు లేదు.
చివరి పేజీలు జిరాక్స్ మిషన్లో చిక్కుకున్నాయట.
దానయ్య చేశాడో,
చేస్తే ఎన్నేళ్లున్నాడో,
చెయ్యకపోతే ఎన్నేళ్లున్నాడో,
ఇప్పుడు ఏ ఫిషింగ్ బోటు మీద
ఎవరి వల లాగుతున్నాడో!

రాత్రి కూర్చుని రాశాను.
పైన నా పేరు, రోల్ నంబరు. తండ్రి పేరు కూడా రాయాలట.
తప్పు ఒకటి: ఒక్కరే మధ్యవర్తి, మూడు కేసులు.
తప్పు రెండు: చీకట్లో పొద కనపడడానికి దీపం ప్రస్తావన లేదు.
తప్పు మూడు: ముద్దాయి చెప్పిన మాటలు
ముద్దాయి మాటల్లా లేవు.
నాలుగోది రాయబోయి
పెన్ను ఎత్తి మళ్లీ దించాను.

అక్కడొక చుక్క పడింది.