ముప్ఫైయొకటో నంబరు

తిరుపతి–చిత్తూరు రూటులో స్టేజీలు
ఊరిపేర్లతో గుర్తుండవు నాకు.
చంద్రగిరిలో పెట్రోలు బంకు వెనక
తలుపుండాది, గొళ్లెం లేదు.
కాశిపెంట్లలో హోటలాయన
అడక్కముందే బీగంచెవి చేతిలో పెడతాడు.
పూతలపట్టు దాటితే ఇంగ దేవుడే.

ఆరునెల్లు టీబీ మాత్రలు మింగినా.
ఒంటేలు ఎర్రబడింది, కడుపునొప్పి మాత్రం
పాసున్న ప్యాసింజరు మాదిరి దిగనే లేదు.
పేగులోంచి గింజంత ముక్క గిల్లి చూసి
షంషాద్ మేడం చెప్పింది:
"టీబీ కాదు మునిరత్నం,
నీ ఒళ్లే నీ పేగును కొరుకుతాండాది."

ఇప్పుడు పరిశోధనలో నాకు పేరు లేదు,
నంబరు.
టికెట్ల సంచి పక్కన ఐసుడబ్బా,
అందులో మూత బిగించిన నా సిగ్గు.
రోజూ పుస్తకంలో రాయాల:
ఎన్నిసార్లు, నొప్పెంత, నెత్తురుందా.
ఇరవైయేండ్లు చిల్లర లెక్క రాసిన చెయ్యి
ఒకటి తగ్గించి రాద్దామనుకోని
ఆగింది.

మాత్రలో మందుందో ఉత్త పిండో
నాకు తెలీదు. మేడంకీ తెలీదంట.
ఎవురికి తెలుసు మరి?
"సీలేసిన కవరుకి" అని నవ్వింది.
మా రెడ్డెమ్మ మాత్రం అన్నం మెత్తగా పిసికి పెట్టి
నా మొగమే చూస్తాది
కవరు ఈడే ఉన్నట్టు.

మొన్న ఏడు. నిన్న నాలుగు.
మందో, పిండో.

ఈరోజు పూతలపట్టు దాటినాక తెలిసింది,
కాశిపెంట్లలో నేను దిగనేలేదని.
హోటలాయన బీగంచెవి పట్టుకోని
బస్సెనక చూస్తా నిలబడింటాడు.