అంగుళం లేని గడి

ఈసారి తొమ్మిదో తరగతి మూడు సెక్షన్లయింది.
కోస్గిల బడి పెరిగింది, గదులు పెరగలే.
సి సెక్షన్ సైకిల్ షెడ్డుల.
గాలొస్తె ప్రోగ్రెస్ కార్డులు
బస్టాండు దిక్కు ఉరుకుతయ్.

యాభై ఎనిమిది పంచిన. మిగిలింది ఒక్కటే,
కురువ అంజిలమ్మది.
నాయిన గొర్ల మందతోని కృష్ణ అవతల ఉన్నడు.
ఫోన్ల చదివిన:
లెక్కలు ముప్పై ఎనిమిది, తెలుగు డెబ్బై ఒకటి...
"అయన్ని సరె సారూ,
పిల్ల నోరు ఇప్పుతున్నదా?"

మొన్న బెంచి మీద జాగ కోసం
లీడర్‌తోని కొట్లాడింది,
రేకులు దద్దరిల్లినయ్ అన్న.
అవతల శానాసేపు నవ్వు,
నవ్వు సందుల గొర్ల అరుపు.

ప్రవర్తన గడి అంగుళం లేదు.
"కొట్లాడుతది" అని రాసిన.
కొట్టెయ్యలే.

తండ్రి సంతకం కాడ
"విన్నడు" అని పెట్టిన.