ఫైలు తెరుచుకునేలోగా

పొద్దున తొమ్మిదింటికి నొక్కాను.
తొమ్మిదీ నలభై ఏడుకి
తెర మీద నీలిచక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.
గానుగెద్దయినా నడుమ ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటుంది.

మిర్చియార్డు వైపు నుంచి గాలి మళ్లింది.
ఆఫీసంతా వరసగా తుమ్మాం,
ముందు నేను, తర్వాత ఫిలోమినా,
ఆఖర్న ప్లాటర్ దగ్గరి కుర్రాడు.
కంప్యూటరొక్కటే తుమ్మలేదు. దానికి తీరిక లేదు.

లోపల ఒక కారం మిల్లు మొత్తం ఉంది:
తొడిమలు తీసే డ్రమ్ము, రాళ్లు ఏరే జల్లెడ,
ఏడు కన్వేయర్లు, నాలుగు హేమర్ మిల్లులు,
దుమ్ము పట్టే సంచుల గది, ఎక్కి దిగే నిచ్చెనలు,
ఇరవై మూడు వేల నాలుగొందల పదహారు ముక్కలు.
మూడేళ్లుగా ముగ్గురం గీసిన మిల్లు.
ఇద్దరు మానేసి వెళ్లారు. వాళ్ల ముక్కలు వెళ్లలేదు.

కొత్త మెషీన్ కొనమన్నాను.
"మొన్ననేగా రేమ్ వేయించాం" అన్నారు పూర్ణచంద్రరావు గారు,
ఎరువేశాక కూడా పండదేం అన్నట్టు.

సరే, విప్పడం మొదలుపెట్టాం.

మొదటి దొంగ మోటారు.
కంపెనీ ఇచ్చిన మోడల్ని ఉన్నదున్నట్టు దింపేశాడెవడో.
పొట్టలో రాగితీగ చుట్టచుట్టా ఉంది,
బేరింగులో గుండ్లు వేటికవే ఉన్నాయి,
పేరుపలక మీద అక్షరాలు కూడా ఉబ్బెత్తుగా.
అలాంటివి ముప్ఫై ఎనిమిది.
మనకి కావలసింది షాఫ్టూ, నాలుగు కాళ్ల బెజ్జాలూ,
చుట్టూ ఎంత చోటు ఆక్రమిస్తుందో అదీ.
మిగతాదంతా ఒక దిమ్మ చేశాను.
కొంచెం బాధేసింది. ఎవరో ఓపిగ్గా చుట్టిన తీగ.

తర్వాత బోల్టులు. తొమ్మిది వేలు.
ప్రతి దాని ఒంటి మీదా నిజం మరలు.
నేను మౌసు కదిపినప్పుడల్లా
అన్నిటినీ మళ్లీ లెక్కేసుకుంటోంది పాపం యంత్రం.
ఫిలోమినా మరలు తీసేసి నున్నటి పుల్లలు చేసింది.
"ఇక మర ఉన్నట్టు షాపువాళ్లకి తెలిసేదెలా?"
"పేర్లో ఉంటుంది" అంది,
"కంటికి కనపడాలా ఏం?"

హాపర్ కాలు ఎంత పొడుగుండాలో కన్వేయర్‌ని అడుగుతుంది.
కన్వేయర్ ఎంత ఎత్తుండాలో హాపర్‌ని అడుగుతుంది.
బస్సు మెట్టు దగ్గర ఇద్దరు మర్యాదస్తులు,
మీరెక్కండి, అబ్బే మీరే,
వెనక జనం లాడ్జి సెంటర్ దాకా.
ఆ ముడికే మధ్యాహ్నం అంతా పోయింది.
చివరికి నేల ఒకటి, స్తంభాల గీతలు నాలుగు పాతి
ఏం కావాలన్నా వాటినే అడగమన్నాం అందరినీ.

సాయంత్రం మళ్లీ నొక్కాను.
టీ గ్లాసు సగమవకముందే మిల్లు లేచి నిలబడింది.
తిప్పితే తిరిగింది, నీళ్ల మీద ఆకులా.
డ్రాయింగులు తీసి ఆటోనగర్ షెడ్డుకి పంపేశాం.

రాత్రి ఎనిమిదింటికి ఫోను. ఫిట్టర్ మస్తాన్‌వలి.
"సారూ, ఐదో కన్వేయర్ చైనుకి గార్డేదీ?"

గార్డు.
చిల్లుల రేకు. రెండు వేల చిల్లులు.
తేలికవుతుందని పొద్దున నేనే అణిచిపెట్టాను,
లేపడం మర్చిపోయాను.
అణిచింది బొమ్మలోకీ రాదు, జాబితాలోకీ రాదు.

"ఉందయ్యా" అన్నాను, "ఫైల్లో ఉంది."
అవతల కాసేపు గ్రైండరు చప్పుడు.
మస్తాన్‌వలి కుడిచేతికి మూడే వేళ్లు.
ఏ మిల్లులో పోయాయో అతను చెప్పలేదు, నేనడగలేదు.
"ఫైల్లో ఉంటే నాకేం లాభం సార్"
అన్నాడు, మెత్తగానే.

వెళ్లి ఆఫీసు తాళం తీశాను.
చిల్లులు లేని ఉత్త రేకు పెట్టినా చాలు, నాకు తెలుసు.
ఈ ఒక్క రాత్రికి చిల్లులతోనే లేపాను.
చక్రం తిరుగుతోంది.
తిరగనీ అనుకుని
ముక్కు తుడుచుకుని కూర్చున్నాను.