మొగిలి విమానానికి ఇస్త్రీ

ముందు ఇంజిను వచ్చింది.
బంగారుపాళెం పక్క మామిడితోపులో
గడ్డి కోసి కోసి ఊపిరాగిపోయిన మిషను.
రిపేరుకని తెచ్చి వదిలేసినాయన
మళ్ళీ రాలేదు.
మూడో ఏడు మా తమ్ముడు మొగిలి
దాని గుండెకాయ విప్పి, మసి గీకి,
"అక్కా, ఇది ఎగరతాది" అన్నాడు.

గడ్డి కోసేది ఎగరడమేందిరా అంటే
నవ్వినాడు, అంతే.

తర్వాత చెక్క.
చెన్నై బస్సులో, డ్రైవరు సీటు ఎనక,
గోనెలో చుట్టుకోని వచ్చింది.
చేతిలోకి తీసుకుంటే బరువే లేదు,
అటుకుల మాదిరి.
బ్లేడుతో కోస్తా ఉంటే పొట్టంతా నా రవిక గుడ్డల మీద.
నా కటింగు బల్ల వాడిదైపోయింది.
తొమ్మిదడుగుల రెక్కంట.
ఈ కొస నుంచి ఆ కొసకి సగం చీర.
పక్కటెముకలు ఇరవై రెండు,
ఒకటి కాలి కింద పడి విరిగింది కాబట్టి
ఇరవై మూడు కోసినాడు.

రాత్రిళ్ళు ఇల్లంతా జిగురు వాసన.
రసంలో కూడా జిగురు వాసన.
ఎదురింటి చెంగమ్మ తొంగి చూసి
"ఇంత మొగోడివి, ఆటసామానేందబ్బా?" అనింది.
"ఆటసామాను పెట్రోలు తాగదు పెద్దమ్మా"
అన్నాడు వీడు.
నలభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిలు.
మా ఇంట్లో పాయసానికి కూడా
ఎవురూ అంత జాగ్రత్తగా కొలవలేదు.

ఇంక తోలు తొడగాల.
గాజుకాగితం లాంటి ఎర్ర ఫిల్ము,
వేడి తగిలితే బిగుసుకుంటాదంట.
నా ఇస్త్రీపెట్టె అడిగినాడు. ఇచ్చినా.
మొదటి జానలోనే బొక్క పెట్టినాడు.
"జరుగు" అన్నా.

ఇరవై ఏండ్లు పట్టు మీద, జరీ మీద,
చూస్తానే ముడుచుకునే నైలాన్ మీద పోయిన చెయ్యి.
వాడు మీటరులో డిగ్రీలు చూస్తా ఉంటే
నేను పెట్టెను చెంప దగ్గరకి తెచ్చుకోని చూసినా.
నడుమ నుంచి కొసలకి,
గాలిని ముందుకు తోలుకుంటా.
ముడతలు సన్నగా వణికి
చెక్కలోకి ఇంకిపోతా ఉంటే
పెండ్లి చీరకి కూడా నేనంత నిదానంగా పోలేదు.

తెల్లారుజామున కరెంటు పోయింది.
ఎడమ రెక్క కింద, కొసకి జానెడు ఇవతల
ముడత ఒకటి మిగిలిపోయింది.
మళ్ళీ వేడి పెడితే పెద్దదవుతుందని వదిలేసినా.
వాడికి చెప్పలేదు.

బరువు చూసే రోజు
రెండు వేళ్ళ మీద ఎత్తితే తోక కిందికి పోయింది.
ముక్కులో సీసం పెట్టాలంట. సీసం లేదు.
బల్ల మీద నా పాత కత్తెర,
సంతపేటలో నాయన కొనిచ్చింది,
మొద్దుబారినా పారెయ్యనిది.
దాన్ని ఇంజిను ఎనక కట్టి ఎత్తినాడు.
తక్కెడ ముల్లు మాదిరి నిలబడింది.
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"తీసుకోరా" అన్నా.

తిరపతి దిక్కు ఎగరేసేదానికి లేదు.
కొండ ఉండాది, రేణిగుంటలో నిజం విమానాలుండాయి.
పెనుమూరు దావలో నీళ్ళింకిన చెరువు,
ఆదివారం, పొద్దు పుట్టకముందే
టెంపోలో రెక్కలు విడిగా, ఒళ్ళు విడిగా.
చూసేదానికి ముగ్గురు మేకలోళ్ళు, ఒక కుక్క, నేను.

ఆరోసారికి ఇంజిను అందుకునింది.
కొంగలన్నీ లేచిపోయినాయి.
నెర్రెల మీద తడబడతా పరిగెత్తి
ఎప్పుడు నేల వదిలిందో నేను చూడలేదు,
రెప్ప వేసినానో ఏమో.
నా కత్తెర ఆకాశంలో ఉంది.
గుడ్డ లేకుండానే కోస్తా ఉంది.

రెండో చుట్టులో ఇంజిను ఆగిపోయింది.
మొగిలి పెదాలు తెల్లబడినాయి.
వేళ్ళు మాత్రం,
నిద్దరపోయిన బిడ్డ పిడికిట్లోంచి
కొంగు తీసుకునేంత నిదానంగా కదిలినాయి.
శబ్దం లేదు.
కొత్త గుడ్డ విదిలించినట్టు గాలి ఒకటే,
అది మా నెత్తి మీదుగా దిగతా పోయింది.
మేకలోళ్ళు అరిచినారు. కుక్క ఎంట పడింది.
అందరూ విమానాన్ని చూసినారు.
నేను ఎడమ రెక్క కింద,
కొసకి జానెడు ఇవతల చూసినా.
ఉంది.
అప్పుడే లేచిన ఎండ తగిలి అదొక్కటే మెరిసింది.

దిగేటప్పుడు చక్రం ఒకటి ఊడింది.
"ఎట్లుందక్కా?" అన్నాడు,
చేతులు ఇంకా వణుకుతానే ఉండాయి.
"ఇస్త్రీ ఇంకా బాగా చేసుండచ్చు" అన్నా.