కొసలకి మేకులు

రాత్రి పదకొండున్నరకి
బరంపురం ల్యాబులో నా క్యూ నంబరు కదిలింది.
అయిదు వందల గొలుసులు, ఒక్కోదానికి అయిదు వందల పూసలు,
డబ్బాలో కరిగి, ఊగి, ఒకదాన్నొకటి రాసుకుంటూ.
ఏదీ ఇంకొకదాన్ని చీల్చుకుని పోకూడదు.
నేను పెట్టిన ఆజ్ఞ అదొక్కటే.

చిక్కు ఎక్కడుందో చూస్తే తెలీదు.
గిన్నెలో ఉడికిన సేమ్యాలా
అంతా చిక్కులాగే ఉంటుంది.
కొలవాలంటే
ప్రతి గొలుసు రెండు కొసలకీ మేకులు కొట్టి,
వేడి లాగేసి,
మధ్యనున్నదాన్ని బిగుసుకోనివ్వాలి.
ఊరికే వంకర తిరిగినవి తిన్నగా అయిపోతాయి.
నిజంగా తగులుకున్న చోట్లే
మోచేతుల్లా వంగి మిగులుతాయి.

ఈ ఒక్క పేరా బుర్రకెక్కడానికి
నాకు రెండు నెలలు పట్టింది.

ఆదివారం గోపాల్‌పూర్ వెళితే
ఎల్లాజీ మావ ఇసకలో కూచుని
నైలాను వల ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి
రెండోది పళ్ళతో పట్టి లాగుతున్నాడు.
పళ్ళ సందులోంచే అన్నాడు:
"సూడకే పిల్లా, లాగు. సూస్తే అంతా సిక్కే.
లాగితే, ఉన్నదే ఉంటాది."

అతని వేళ్ళ మధ్య ఆ దారం కూడా
లోపల గొలుసులేనని చెప్పబోయి
ఊరుకున్నాను.

మహంతి సార్‌కి కొలత చాలదు, జోస్యం కావాలి.
గొలుసు ఎంత బిరుసో, ఎంత కిక్కిరిసిందో ఇస్తాను,
కరిగించకుండానే చెప్పు,
ఎన్ని పూసలకి ఒక చిక్కు?
నా సూత్రం మెత్తటివాటికి సరిపోయింది.
బిరుసువాటి దగ్గర పదహారు శాతం తప్పింది.
ఎందుకో ఇంకా తెలీదు.

తెలిసిందొకటుంది.
గొలుసు తన గొట్టంలోనే పాములా
ముందుకీ వెనక్కీ పాకి పాకి బయటపడుతుంది.
పొడుగు రెట్టింపయితే
ఆ విడుపుకి పదింతల కాలం.
పెద్ద వల విప్పడానికి ఎంతసేపని మావనడిగాను.
"సేపు కాదే, రోజులు" అన్నాడు.
ఒడియాలో ఎవడినో కేకేసి
తెలుగులో తిట్టి
తెగిన కన్నుకి ముడేశాడు.

తెల్లారేసరికి జవాబొచ్చింది.
ఎనభై అయిదు పూసలకి ఒకటి, అటూ ఇటూగా.
తెర మీద అన్నీ చల్లగా, బిగుతుగా, గీతలు గీసినట్టు.
నేను కొలిచింది నకలుని.
అసలు డబ్బా పక్క ఫైల్లో
ఇంకా వేడిగా
ఊగుతూనే ఉంది.