మంగళవారం అచ్చు

కాశీబుగ్గలో లింగరాజు గారి ప్రెస్సులో
పదకొండేళ్ళు డై పంచింగు మీద పనిచేశాను.
ఉక్కు బద్దని వంచి చెక్కలో దిగ్గొట్టిన
కలశం, మామిడిపిందె, రెండు రెక్కల కిటికీ.
ఎవరి పెళ్ళికైనా అదే కిటికీ.
అట్ట దూర్చి పిడి లాగితే
టక్కుమని ఒకటే మాట.
అటు శుభలేఖ. ఇటు చెత్త.
చెత్త నేను ఇంటికి తెచ్చుకునేదాన్ని:
జరీ అంచు ముక్కలు,
ఇంటిపేరు తప్పుపడ్డ పెళ్ళికొడుకులు.

శుభలేఖలు ఫోన్లలోకి ఎక్కేశాక
మిషను పాత ఇనుము బండెక్కింది.
నాకు రావలసిన మూడు నెలల జీతం కింద
డై చెక్కలు ఇచ్చి దణ్ణం పెట్టారు లింగరాజు గారు.

ఇప్పుడు మిషను నేనే.
చెక్క మీద అట్ట, అట్ట మీద పీట,
పీట మీద నేను.
మంగళవారం పొద్దున్న ఆస్పత్రి తూకంలో యాభై నాలుగు కిలోలు,
నాలుగు గంటలు రక్తం బయట తిరిగొచ్చాక యాభై రెండు.
అంచేత కోత పని సోమవారం రాత్రికే అట్టేపెడతాను.
ఒంట్లో నిలిచిపోయిన ఆ రెండు కిలోల నీళ్ళూ
కిటికీ మూలలు తెగడానికి పనికొస్తాయి.
ఉద్దానం నీళ్ళు. ఊరికే పోనివ్వకూడదు.

పక్క మంచం తారిణిది.
పలాస జీడి ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు
పిక్కలు కొట్టిన చేతులు.
మొదటిసారి ఆమెకి కార్డు చేసినప్పుడు
బజార్లో అరవై రూపాయలిచ్చి చేయించిన
రబ్బరు ముద్ర వేశాను:
‘త్వరగా కోలుకోవాలి’.
నర్సు చదివి వినిపించింది.
తారిణి సూది కదిలిపోయేలా నవ్వింది.
‘ఓలమ్మ, కోలుకుని ఎక్కడికెల్తామే?
మనది మంగళారం శుక్రారం జబ్బు గదేటి.’

నిజమే. మన జబ్బుకి సరిపడే మాట
ఏ దుకాణంలోనూ అమ్మరు.
పాత హవాయి చెప్పులో
పాదం గుంట దగ్గర అరగని చోటు కోసి
బ్లేడుతో మూడు రాత్రులు చెక్కాను.
అచ్చులో కుడి ఎడమవుతుంది గనక
ప్రతి అక్షరాన్నీ అద్దంలో చూసినట్టు తిరగెయ్యాలి.
‘మంగళవారం బేగి రా’.
ఊదా ప్యాడు మీద అద్ది ఒత్తి చూస్తే
అన్నీ తిన్నగా పడ్డాయి,
చివరి ‘రా’ తప్ప.
నిద్రమత్తులో దాన్నొక్కదాన్నీ తిరగెయ్యడం మరిచాను.

అక్షరం ముక్క రాని తారిణికే అది కనబడింది.
‘ఇదొక్కటీ ఎల్లిపోతా ఎల్లిపోతా
ఎనక్కి తిరిగి సూస్తన్నట్టుందే.’
మరి దిద్దలేదు.

తర్వాతి కార్డు అవతలి వరస నూకయ్యకి.
తనూ ఒక ముద్ర వేస్తానంది,
సూది లేని చెయ్యి చాపి.
జీడి నూనె తినేసిన బొటనవేలు అది.
పింఛను మిషను దాన్ని మనిషిది కాదని
నాలుగుసార్లు తిప్పి పంపింది.
నా ఇంకు ప్యాడు ఏమీ అడగలేదు.
గీత లేదు, సుడి లేదు,
నున్నటి ఊదా రేకు.
ఐదు రేకులు గుండ్రంగా వేసి
మధ్యలో నా చేత పసుపు చుక్క పెట్టించింది.
‘జీడిపువ్వులాగుందా?’
జీడిపువ్వు రేకు సన్నం, దాని మీద గులాబీ చారలుంటాయి.
నాకంటే తనకే బాగా తెలుసు.
ఉందన్నాను.

ఈ వారం కార్డు ఎవరికో చెప్పను.
రాత్రి కరెంటు లేదు, చీకట్లోనే పీటెక్కాను.
కిటికీ రెక్కలు తెగి ఒళ్ళో పడ్డాయి.
చిల్లు పడ్డ చెత్తముక్క మాత్రం
సంచిలో వేసుకొచ్చాను.
వెల్లకిలా పడుకుని, తల కొంచెం వాల్చి
ఒంటి చేత్తో కంటికి ఆనించుకుంటే
ఐదో నంబరు మంచం అందులో సరిగ్గా పడుతుంది.

ఉతికిన దుప్పటి. మడత విప్పని తువ్వాలు.
ఇంకా ఏడున్నర కాలేదు.