సెల్లులో నీళ్లు

డాక్టరమ్మ హిందీలో చెప్పింది:
"నీ సెల్స్‌లో నీళ్లు తగ్గిపోయాయి."
ఓబులేసు జేబులోంచి ఫోను తీసి
కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి చూశాడు.
"బాగనే పలుకుతాండాది గదమ్మా."

నవ్వాపుకుంటూ సెలైను ఎక్కించాను.
బయట మహబూలా వీధిలో పన్నెండు దాటింది.
గోడ మీది థర్మామీటరు యాభై దగ్గర ఆగి
ఇంకా పైకెక్కడానికి సిగ్గుపడుతోంది.
పరంజా మీదే కళ్లు తిరిగి కూలబడ్డాడట,
ఎండకి పని ఆపాల్సిన వేళకి అరగంట ముందు.

సీసా సగమయ్యేసరికి లేచి కూర్చున్నాడు.
"ఆ సెల్లు కాదన్నా,
మనిషిని కట్టిందే వాటితో."
"ఇటికలా?"
ఇటుకలైతే పెట్టిన చోట ఊరికే ఉంటాయి.
ఇవి ఉండవు.

నేను చదువుకున్న పాఠంలో ఒక గుండ్రటి బొమ్మ,
బాణం గుర్తులు, పక్కన పేర్లు. అయిదు మార్కులు.
ఆ బొమ్మతో ఇతనికేం చెప్పను?
అగ్గిపుల్ల మందులేని కొసతో బుగ్గ లోపల గీరమన్నాను.
గాజుపలక మీద రుద్ది, నీలం చుక్క వేసి,
సెలైను స్టాండుతో సహా
మైక్రోస్కోపు దాకా నడిపించాను.

ఒక కన్ను మూయడం రాలేదతనికి.
అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.
"పెనం మీద అతుక్కున్న దోసె మాదిరుండాది.
నడుమ ఆ చుక్క ఏందమ్మా?"
ఆ చుక్కలో నీ ముక్కుంది, నీ ఉంగరాల జుట్టుంది,
నిన్నెట్లా కట్టాలో రాసి దాచుకున్న చీటీ ఉంది.
"మరి అంచు?"
అంచే అసలు సంగతి.
మీ క్యాంపు గేటు కాడ వాచ్‌మన్‌లా
ఎవర్ని రానియ్యాలో, ఎవర్ని పొమ్మనాలో దానికి తెలుసు.
మూడు సోడియాలను బయటికి నెడుతుంది,
రెండు పొటాషియాలను లోపలికి లాక్కుంటుంది,
మళ్లీ మూడు, మళ్లీ రెండు.
నువ్వు పడిపోయినప్పుడు కూడా అది మానలేదు.

"జీతమెవురిస్తారు దానికి?"

ఇక మైటోకాండ్రియా దగ్గరికి రాక తప్పలేదు.
లోపల పొయ్యిలున్నాయన్నా, వందల కొద్దీ.
నువ్వు తిన్న కుబ్బూసు, పీల్చిన గాలి
అక్కడే కాలి కూలి డబ్బులవుతాయి.
ఆ పొయ్యిలు నాన్న ఇచ్చేవి కావు. అమ్మవే.
అమ్మకి వాళ్లమ్మ, ఆమెకి ఆమె అమ్మ
నిప్పు ఆరనియ్యకుండా చేతులు మార్చినవి.

క్లాసులో అప్పజెప్పినట్టు అనేశాను.
అతను అద్దం మీది నుంచి కన్ను తియ్యలేదు.
"నన్ను కన్న దినమే పోయిందంట మాయమ్మ.
ఫోటో గూడా లేదు.
యాడుండాయో సూపీమ్మా."

ఈ అద్దానికి అందవన్నా. అంత చిన్నవి.
ఉన్నాయని నమ్మాలి.
ఏదో ఒక మచ్చని చూపించి ఇదే అని ఉండొచ్చు.
అనలేదు.

"పోనీ నెత్తుట్లో?"
ఎర్ర కణాల్లో పొయ్యీ లేదు, చుక్కా లేదు.
గాలి మొయ్యడానికి చోటు చాలదని
పెద్దయ్యేలోపే సామానంతా బయట పారేస్తాయి.
నాలుగు నెలలు తిరిగి తిరిగి రాలిపోతాయి.
"మా రూములో గూడా పదో మంచం కోసరం
బీరువా బయటేసినారు" అన్నాడు.
ఇద్దరికీ నవ్వొచ్చింది,
ఎక్కువసేపు కాదు.

పలకని ఎర్ర డబ్బాలో పారెయ్యాలి. రూలు.
ఒక్క నిమిషం ఆగమని
ఫోనుని కంటిగొట్టానికి ఆనించి ఫోటో తీసుకున్నాడు:
సగం బొటనవేలు, సగం నీలి మసక.

ఆదివారం మందుల కిటికీ దగ్గర మళ్లీ కనబడ్డాడు.
వెనక నిలబడ్డ నెల్లూరు కుర్రాడు
అతని ఫోను మీదికి వంగి
"ఏందన్నా అది, జెల్లీ చేపా?" అంటున్నాడు.
ఓబులేసు జవాబు చెప్పలేదు.
సీసా మూత తిప్పి, ఉప్పు పొట్లం చించి పోసి,
కరిగేదాకా ఊపి,
సగం తాగాడు. ఆగాడు.
మిగతా సగం కూడా తాగాడు.